రెండు స్వరాజ్యల నడుమ
(పత్రికా సంపాదకుడు ఖాసా సుబ్బారావు గారి గురించి నెల్లూరులో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకు వినపడుతుందా? పడుతుందా... సరే. ఫ్యాను కింద కూర్చున్న పెద్దలు మాత్రం కొంచెం ముందుకు జరగండి, ఆ చప్పుడులో నా గొంతు మీదాకా రాదు.

ఈ బల్ల మీద ఒక మూట పెట్టాను చూడండి. పాత పంచెలో కట్టింది. ముందు ఈ మూట సంగతి చెప్పి, తర్వాత మనిషి సంగతికి వస్తాను. ఆ మనిషి నాకు పరిచయమైంది ఈ మూటలోంచే కాబట్టి.

మా తాత బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లెలో రైతు. కనిగిరి రిజర్వాయరు కాలవ కింద నాలుగెకరాల మాగాణి, ఇంటి వెనక నిమ్మచెట్లు, రెండు జతల ఎద్దులు. తెలుగు ధారాళంగా చదివేవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా వారం వారం మద్రాసు నుంచి ఆయన పేరుకు ఒక ఇంగ్లీషు పత్రిక వచ్చేది. దాని పేరు ‘స్వరాజ్య’. పోస్టుమాను సైకిలు దిగి అరుగు మీద పెట్టిపోతే, తాత దాన్ని పిల్లల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. వక్కలు కత్తిరించే అడకత్తెరతోనే పైన చుట్టిన కాగితప్పట్టీని జాగ్రత్తగా తెంపేవాడు. ఆ పట్టీ మీద తన పేరు ఇంగ్లీషులో అచ్చయి ఉండేది. అది చదవలేడు గాని అది తన పేరేనని తెలుసు. వేలితో ఒకసారి తడిమి, పట్టీని మడిచి మొలలో పెట్టుకునేవాడు.

ఆదివారం సాయంత్రం మా ఊరి బడి హెడ్మాస్టరు గారు వచ్చేవారు. అరుగు మీద లాంతరు. చుట్టూ నలుగురైదుగురు రైతులు. మాస్టరు ఒక పేరా ఇంగ్లీషులో తనలో తాను చదువుకుని, దాన్ని తెలుగులో చెప్పేవారు. మధ్యలో తాత అడ్డం తగిలి, “ఆ మాట మళ్లీ చెప్పండి మేష్టారూ” అనేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. తాత మోకాలికి ఆనుకుని కూర్చుని వినేవాణ్ణి. అర్థమైంది తక్కువే. ఒక పేరు మాత్రం పదేపదే చెవిన పడింది. ఖాసా సుబ్బారావు. తాత ఆ పేరెత్తేటప్పుడు “మనోడు” అనేవాడు. “మనోడేం రాసుండాడో చూడండి ముందు.”

మనోడు అనడంలో తప్పేం లేదు. ఖాసా సుబ్బారావు గారిది ఈ నెల్లూరు జిల్లానే. 1896లో పుట్టారు, 1961లో పోయారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తత్వశాస్త్రం చదివారు. పత్రికా జీవితం చాలావరకు మద్రాసులోనే గడిచింది, రాసింది ఎక్కువగా ఇంగ్లీషులోనే. అందుకే కాబోలు మన ఊళ్లో ఆయనకు ఒక విగ్రహం గాని, వీధి పేరు గాని ఉన్నట్టు నేను వినలేదు. కుర్రాళ్లను అడిగితే ఎవరండీ ఆయన అంటారు. నాకు బాధ కలిగిస్తుంది. అందుకే ఈ వయసులో బస్సెక్కి వచ్చి మీ ముందు నిలబడ్డాను.

ఆయన్ని ఏ పేరుతో పిలవాలనేది మొదటి చిక్కు. ఇంగ్లీషులో కన్సర్వేటివ్ అంటారు. తెలుగులో దానికి మనం ఒక మర్యాదైన మాట చేసుకోలేదు. మితవాది అందామా, ఆ మాట గోఖలే గారి తరానికి పోయింది. తిలక్ పక్షం వాళ్లు అతివాదులు, గోఖలే పక్షం వాళ్లు మితవాదులు అని బడిలో చదువుకున్నాం. సంప్రదాయవాది అందామా, మడి కట్టుకుని తలుపు చాటున నిలబడ్డ మనిషి కళ్ల ముందుకొస్తాడు. ఇక మిగిలింది ప్రగతి నిరోధకుడు. అది ఎదుటి పక్షం వాళ్లు తగిలించిన పేరు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన దగ్గర్నుంచి మన రాజకీయ పదాలు చాలా వరకు అటు నుంచే వచ్చాయి. అభ్యుదయం, ప్రగతి, పీడితుడు, శ్రామికుడు, అన్నీ మంచి మాటలే, అవసరమైన మాటలే. కానీ ఇటువైపు నిలబడి ఆలోచించినవాడికి తన గురించి తాను చెప్పుకోడానికి తెలుగులో మాట దొరకలేదు. మాట లేనివాడి వాదం చరిత్రలో ఎంతసేపు నిలుస్తుంది?

నేనైతే మాట వెతకను, మన చెరువు కట్టను చూపిస్తాను. ఇది చెరువుల జిల్లా. కార్తీకం వానలకు ముందు, ఇంకా ఎండ కాస్తుండగానే, ఊళ్లో ఒక పెద్దమనిషి కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు. ఎక్కడ ఎలుక బొక్క చేసింది, ఎక్కడ తుమ్మమొక్క వేరు దిగింది, తూము తలుపు పడుతుందా లేదా, చూసేవాడు. ఊరంతా వాన ఎప్పుడొస్తుందా అని ఆకాశం వంక చూస్తుంటే ఆయన కాళ్ల కింద మట్టి చూసేవాడు. నీళ్లు రావాలని అందరికంటే ఎక్కువ కోరేది ఆయనే. ఖాసా వారి రాతల్లో నాకు కనిపించే మనిషి ఆ పెద్దమనిషి.

ఇప్పుడు 1921కి వెళ్దాం. ఒంగోలు పక్కన వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టి, బారిస్టరయి, మద్రాసు హైకోర్టులో గుట్టలుగా సంపాదిస్తున్న టంగుటూరి ప్రకాశం పంతులు గారు, గాంధీ గారి పిలుపుతో ప్రాక్టీసు వదిలేసి మద్రాసులో ఒక దినపత్రిక పెట్టారు. దాని పేరు ‘స్వరాజ్య’. అదే ఏడు ఏప్రిల్లో గాంధీ గారు మన పల్లిపాడు వచ్చి పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించారు. ఆ సంవత్సరపు వేడి ఎలాంటిదో ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. చదువుకున్న కుర్రాడు ఇంట్లో కూర్చోలేని కాలం అది. ఖాసా వారు ఆ స్వరాజ్యలో చేరారు.

స్వరాజ్య ఆఫీసు గురించి చెప్పాలంటే ఒక పూట చాలదు. చరిత్రకారుడు కె.ఎం. పణిక్కర్ లాంటివాడు కొంతకాలం అక్కడ పనిచేశాడు. చీరాల కోటంరాజు సోదరుల్లాంటి వాళ్లు ఆ కాలపు తెలుగు జర్నలిస్టులు. జీతం మాత్రం వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. పంతులుగారు తన ఆస్తులు ఒక్కొక్కటీ ఆ పత్రికకే ధారపోశారు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు నిరసనగా మద్రాసులో తుపాకీకి గుండె చూపిన మనిషి, అంతకు ముందూ ఆ తర్వాతా కాగితం కొట్టువాడికి, అచ్చు సిరా వాడికి, జీతగాళ్లకు ఖాళీ చేతులు చూపాల్సి వచ్చింది. గుండె చూపడం మనకు బొమ్మల్లో ఉంది. రెండోది బొమ్మల్లో లేదు. నాకు రెండోదే ఎక్కువ ధైర్యమనిపిస్తుంది.

ఆ కొలిమిలో తయారైనవారు ఖాసా వారు. శాసనోల్లంఘన రోజుల్లో లాఠీ దెబ్బలు తిన్నారు, జైలు చూశారు. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాతి కాలంలో ఆయన్ని, ఆయన స్నేహితుల్ని, డబ్బున్నవాళ్ల తరఫు వకీళ్లు అన్నవాళ్లున్నారు. స్వాతంత్ర్యం కోసం ఒళ్లు వాయించుకున్న మనిషి, జీతం లేని పత్రికలో ఏళ్లు గడిపిన మనిషి, ఎవరి డబ్బు కాపాడాలని చూస్తాడు? ఆయన కాపాడాలనుకున్నది వేరే. స్వరాజ్య దినపత్రిక 1930ల్లో మూతపడింది. పేరు మిగిలింది. ఆ పేరు ఎక్కడ మళ్లీ లేచిందో తర్వాత చెబుతాను.

ఆ తర్వాత ఇతరుల పత్రికల్లో పని. ఆ దశ వేగంగా దాటేస్తాను. ఒకరి పత్రికలో సంపాదకుడంటే ఒకరి ఇంట్లో అద్దెకున్నట్టు. గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. 1946లో, సరిగ్గా యాభై ఏళ్ల వయసులో, ఆయన సొంతంగా ఒక వారపత్రిక పెట్టారు. పేరు ‘స్వతంత్ర’. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఏడాది ముందే తన పత్రికకు తెచ్చుకున్నారు.

యాభై ఏళ్లకు వారపత్రిక పెట్టడమంటే ఏమిటో ఈ కాలం వాళ్లకు కొంచెం చెప్పాలి. అప్పుడు ప్రతి అక్షరం సీసపు అచ్చు. కంపోజిటర్ ఎడమచేత్తో స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో గళ్లలోంచి ఒక్కో అక్షరం ఏరి, తలకిందులుగా పేర్చాలి. పేజీకి వేల అక్షరాలు. పేర్చిన అచ్చు పెట్టే పళ్లెం, అంటే గ్యాలీ, దాని మీద ప్రూఫు తీస్తే తడి కాగితం మీద సంపాదకుడు తప్పులు దిద్దాలి. దిద్దిన చోట అక్షరం తీసి మరొకటి దూర్చాలి. అచ్చయ్యాక మళ్లీ ఆ అక్షరాలన్నీ ఏ గడిలోవి ఆ గడిలో వేసుకోవాలి, లేకపోతే వచ్చే వారానికి అచ్చు చాలదు. కాగితం యుద్ధం రోజుల నుంచీ కోటా. ఇంత పని చేసి, వారం చివర ఒక మనిషి తన పేరు మీద ఒక అభిప్రాయం చెప్పాలి. అలా చెప్పే అభిప్రాయం ఊరికే నోటికొచ్చింది కాదు. ఒక్కో వాక్యం బరువు చేతికి తెలిసేది.

స్వతంత్రలో ఆయన రాసిన శీర్షిక ‘సైడ్‌లైట్స్’. ‘సాకా’ అని సంతకం. ఖాసాను తిరగేస్తే వచ్చినట్టుండే పేరు. ఆ శీర్షికలో మనుషులు కనిపిస్తారు. ఒక మంత్రి, ఒక కలెక్టరు, ఒక పార్టీ పెద్ద, వాళ్ల నడక, మాట, అధికారం దొరకగానే వాళ్లలో వచ్చే మార్పు. విధానాలను విమర్శించడం ఎవరైనా చేస్తారు. నిన్నటిదాకా తనతోపాటు జైల్లో పక్క చాప మీద పడుకున్నవాడు ఇవాళ మంత్రయితే, వాడి గురించి ఉన్నదున్నట్టు రాయడం కష్టం. ఆ తరం కాంగ్రెసు జర్నలిస్టులందరికీ 1947 తర్వాత ఎదురైన పరీక్ష ఇదే. చాలామంది స్నేహితులుగా మిగిలిపోయారు. ఖాసా వారు సంపాదకుడిగా మిగిలారు. నా మనసులో ఆయనకు ఇంత ఎత్తు పీట వేసింది ఇందుకే.

అదే పత్రికలో ‘విఘ్నేశ్వర’ అనే పేరుతో ఎన్. రఘునాథన్ గారు ‘సొట్టో వోచె’, అంటే గొంతు తగ్గించి చెప్పే మాట, అనే శీర్షిక రాసేవారు. ‘హిందూ’లో పెద్ద ఉద్యోగంలో ఉన్న మనిషి, వేరే పేరుతో ఈ చిన్న వారపత్రికకు వారం వారం రాశారు. ధర్మశాస్త్రం తెలిసిన మనిషి. ఆధునిక రాజ్యం మనిషి ఇంట్లోకి, గుడిలోకి, పొలంలోకి ఎంతదాకా రావచ్చని అడిగేవారు. ఆయనతో నేను అన్నిచోట్లా ఏకీభవించను, హిందువుల పెళ్లి, వారసత్వ చట్టాలను మార్చిన హిందూ కోడ్ లాంటి విషయాల్లో అసలే కాదు. కానీ అంత శుద్ధంగా వాదించే మనిషిని చదివాక మన వాదం కూడా కొంచెం శుద్ధి అవుతుంది.

ఇప్పుడు నేను ఎక్కువసేపు ఆగే చోటు వచ్చింది. ‘తెలుగు స్వతంత్ర’.

ఇంగ్లీషు స్వతంత్రకు తోడు 1948లో తెలుగు వారపత్రిక పెట్టారు. సంపాదకత్వం గోరాశాస్త్రి గారిది. ఆ పత్రిక పాత సంచికలు చూసినవాళ్లు ఈ సభలో ఉంటే వాళ్లకు తెలుసు, అది ఒక కొత్త తరానికి ఇల్లు. కథలు, కవితలు, వ్యంగ్యం, నాటికలు, సాహిత్య తగాదాలు. శ్రీశ్రీ అందులో రాశాడు. ఆలోచించండి. ప్రభుత్వం చేతిలో అధికారం పెరగకూడదనే మనిషి పత్రిక. అందులో ఎర్రజెండా కవి. ఖాసా వారికి ఆ కవిత్వం వెనక ఉన్న రాజకీయం నచ్చే అవకాశమే లేదు. అయినా తలుపు తెరిచే ఉంది. తనకు నచ్చనిది అచ్చు కావడానికి తన అచ్చుయంత్రం ఇచ్చిన మనిషి ఆయన. ఇవాళ మన పత్రికల్లో, టీవీల్లో ఏ పక్షానికి ఆ పక్షం గోడలు కట్టుకుని కూర్చున్నాం. ఆ గోడ అవతల మాట వినాలంటే వేరే ఛానల్ తిప్పాలి.

దీన్ని ఇంకో సంగతితో కలిపి చూడాలి. 1950 మే 26న సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. ఒకటి మద్రాసుకు సంబంధించింది. రమేశ్ థాపర్ నడిపిన ‘క్రాస్ రోడ్స్’ అనే వామపక్ష వారపత్రిక రాష్ట్రంలోకి రాకూడదని మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టింది. రెండోది ఢిల్లీది. ‘ఆర్గనైజర్’ అనే పత్రిక, అది పూర్తిగా అవతలి పక్షం, అచ్చుకు ముందే ప్రతి సంచిక అధికారులకు చూపాలని ఆర్డరు. రెండింటినీ కోర్టు కొట్టేసింది. ఎర్ర పత్రికా గెలిచింది, కాషాయం పత్రికా గెలిచింది. ఏడాది తిరిగేసరికి, 1951 జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చింది. వాక్ స్వాతంత్ర్యం మీద పెట్టదగ్గ ఆంక్షల జాబితా పెరిగింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి పదిహేడు నెలలు కూడా కాలేదు. తడి ఆరని కట్టకు గండి కొట్టారు.

కట్ట మీద నడిచే మనిషికి ఇది కనిపిస్తుంది. ఇవాళ ఎర్రవాడి నోరు నొక్కే చట్టం రేపు నీ నోరు నొక్కుతుంది అన్న సంగతి వామపక్షం వాళ్లకూ తెలుసు, ఖాసా వారి పక్షం వాళ్లకూ తెలుసు. అధికారంలో ఉన్నవాళ్లు మాత్రం ఆ సంగతి మరిచిపోతారు. గుర్తుచేయడానికే పత్రిక ఉండాలి. 1956లో ఇంకో చట్టం చేశారు. దినపత్రిక ఎన్ని పేజీలు వేస్తే ఎంత ధర పెట్టాలో ప్రభుత్వం నిర్ణయించే చట్టం. చిన్న పత్రికలకు మేలు అన్నారు. ‘సకాళ్’ అనే మరాఠీ పత్రిక వాళ్లు కోర్టుకెక్కితే సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. ఆ తీర్పు వచ్చింది 1961 సెప్టెంబరులో. ఖాసా వారు అదే ఏడు జూన్‌లో పోయారు. మూడు నెలలు ఉండి ఉంటే చూసేవారు.

1956 అన్నాను కదా. ఆ ఏడాదిని కొంచెం దగ్గరగా చూడండి. అంతకు ముందు ఏడు మద్రాసు దగ్గర ఆవడిలో కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజం తన లక్ష్యమని తీర్మానం చేసింది. 1956 జనవరిలో జీవిత బీమా కంపెనీలను ప్రభుత్వం తీసేసుకుంది. ఏప్రిల్లో కొత్త పారిశ్రామిక విధానం. రెండో పంచవర్ష ప్రణాళిక మొదలు. దేశమంతా ఒకే దిక్కు నడుస్తోంది, అడ్డం నిలబడి ఒక్కమాట అడిగేవాడు లేడు. కమ్యూనిస్టులు ఇంకా వేగంగా నడవమంటున్నారు. ఆ ఏడాదే ఖాసా వారు మద్రాసులో మరో వారపత్రిక మొదలుపెట్టారు. దాని వెనక అండ రాజాజీ. దాని పేరు ‘స్వరాజ్య’.

ఈ పేరు దగ్గర ఒక నిమిషం ఆగుదాం. రాజాజీకీ ప్రకాశం గారికీ జీవితమంతా పడలేదు. 1946లో పంతులుగారు మద్రాసు ప్రధానమంత్రి, అంటే ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి, అయినప్పుడు, మరుసటేడు ఆయన్ని దింపినప్పుడు, 1952 ఎన్నికల తర్వాత కాంగ్రెసుకు మెజారిటీ రాకపోయినా రాజాజీ ముఖ్యమంత్రి అయినప్పుడు, ప్రతి మలుపులోనూ ఇద్దరూ ఎదురెదురు. ఆంధ్రలో రాజాజీ పేరెత్తితే ఒకప్పుడు రాళ్లు పడేవి. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణాలు వదిలినప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీనే. నెల్లూరు మనిషి ఒకడు రాజాజీ పక్కన నిలబడి పత్రిక పెట్టడమే సాహసం. ఆ పత్రికకు పంతులుగారి పత్రిక పేరు పెట్టాడు. పంతులుగారు అప్పటికి బతికే ఉన్నారు, 1957 మే 20న పోయారు. నాకనిపించేది చెబుతాను. తనకు మొదట కలం చేతికిచ్చిన మనిషిని ఖాసా వారు వదల్లేదు. రాజాజీతో నడిచారు, పంతులుగారి పేరు మోశారు. ఇద్దరు బద్ధ విరోధులు ఒక పత్రిక అట్ట మీద కలిశారు.

స్వరాజ్యలో రాజాజీ ఎడతెగకుండా రాశారు. ఒకే పార్టీ ఎదురు లేకుండా ఏలితే ప్రజాస్వామ్యం పాడవుతుంది, దానికి కుడివైపు నుంచి గట్టి ప్రతిపక్షం కావాలి అనే వాదం 1957 నాటికే అందులో వినిపించింది. పార్టీ తర్వాత పుట్టింది. మామూలుగా ముందు పార్టీ పుట్టి, తర్వాత దానికొక పత్రిక పుడుతుంది. ఇక్కడ పత్రిక ముందు పుట్టింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు సమావేశం ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ ప్రకటన. రాజాజీ, మినూ మసానీ, కె.ఎం. మున్షీ, మన నిడుబ్రోలు రంగాగారు. రంగాగారే మొదటి అధ్యక్షుడు. పార్టీ పేరేమిటో విన్నారుగా. ఖాసా వారి మొదటి వారపత్రిక పేరే.

ఆ నాగపూర్ తీర్మానం మా అరుగు మీదకు ఎలా వచ్చిందో నాకు బాగా గుర్తుంది. మాస్టరు గారు చదివి చెప్పారు. రైతులందరి పొలాలు కలిపి ఒకటిగా చేసి అందరూ కలిసి సేద్యం చేస్తారంట, హక్కు మాత్రం ఎవరిది వాళ్లకే ఉంటుందంట. మా తాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “మేష్టారూ, గట్టు తీసేస్తే నా మడి ఏదో నాకెట్టా తెలిసేది?” అక్కడ కూర్చున్నవాళ్లెవరూ నవ్వలేదు. గట్టు అంటే మా వాళ్లకు జానెడు వెడల్పు మట్టి కాదు. దాని మీద తమ్ముళ్లు కోర్టుకెక్కారు. దాని మీద కంది మొక్క వేసి కూర వండుకున్నారు. జమీన్లు 1948 చట్టంతో పోయినప్పుడు వెంకటగిరి వైపు మా చుట్టాలు పండగ చేసుకున్నారు, తమ గట్టు తమకు వచ్చిందని. ఆ పోరాటానికి మన ‘జమీన్ రైతు’ పత్రిక ఎంత చేసిందో మీకు చెప్పనక్కరలేదు. జమీందారు చేతిలోంచి వచ్చిన గట్టు పదేళ్లకే సహకార సంఘం చేతిలోకి పోతుందంటే రైతు ఉలిక్కిపడ్డాడు. ఆ భయానికి స్వరాజ్య ఒక వాదం ఇచ్చింది. సొంత పొలం ఉన్నవాడే ప్రభుత్వానికి ఎదురు చెప్పగలడు. పొలం పోతే గొంతు పోతుంది. మా తాత ఇంగ్లీషు రాకుండానే చందా కట్టింది ఈ ఒక్క ముక్క కోసం.

ఇంకో ముక్క కూడా ఉంది. మా నాన్న పెంకుటిల్లు తీసి మిద్దె వేద్దామనుకున్నాడు. సిమెంటుకు పర్మిట్ కావాలి. ఒక ఆఫీసు చుట్టూ ఏడు నెలలు తిరిగాడు. వెళ్లినప్పుడల్లా ఇంకో కాగితం. కోసిన ఇటుక వానకు నానిపోయింది. రాజాజీ దీనికే లైసెన్స్-పర్మిట్ రాజ్ అని పేరు పెట్టారు. ఆ మాట దేశమంతా పాకిందంటే ఊరికే పాకలేదు. దేశంలో ప్రతి ఊళ్లో ఒక మా నాన్న ఉన్నాడు.

ఇంతదాకా ఒక పక్షం చెప్పాను. రెండో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఖాసా వారి మీద ఉన్న గౌరవానికి తప్పు చేసినవాణ్ణవుతాను.

ఆ ఆదివారాల్లో అరుగు కింద, మెట్ల పక్కన, మా ఇంట్లో పనిచేసే ఒక పెద్దామె కూర్చునేది. నాట్లు వేసి, కోతలు కోసి, మిగతా రోజుల్లో మా గొడ్లచావిడి ఊడ్చేది. అరుగు ఎక్కేది కాదు, ఎక్కమని ఎవరూ అనలేదు. ఆ గట్టు మాట జరిగిన రోజు ఆమె కింద నుంచి అంది: “నీకు గట్టుండాది, నీకు భయం. నాకేం ఉండాదని భయపడేది అబ్బయా?” తాత జవాబు చెప్పలేదు. మాస్టరు పేజీ తిప్పారు. అరవై ఏళ్లు దాటినా ఆ మాటకు నేనూ పూర్తి జవాబు చెప్పలేను. స్వరాజ్యలో వాదమంతా గట్టు ఉన్నవాడి స్వేచ్ఛ గురించి. గట్టే లేనివాడికి గట్టు ఎలా వస్తుందన్న దానికి అందులో కాగితం తక్కువ కేటాయించారు. ఈ జిల్లాలోనే, అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు ఆ పెద్దామె ప్రశ్నను తన జీవితం చేసుకున్నారు. తన వాటా ఆస్తిని పార్టీకిచ్చేశారు. ఒకే జిల్లా. ఒకరు సంపాదకుడు, ఒకరు కమ్యూనిస్టు. ఇద్దరూ తమకంటూ ఏమీ మిగుల్చుకోలేదు. ఇద్దరినీ గౌరవించడం నాకు కష్టమనిపించదు. సుందరయ్య గారి దారిలో పొలాలన్నీ ప్రభుత్వం చేతికి పోయిన దేశాల్లో ఆ పెద్దామెకు కూడా చివరికి గట్టు దక్కలేదు. ఆ సంగతి కూడా నిజం. కానీ ఆమె అడిగిన రోజున ఆమెకు చెప్పాల్సిన జవాబు అది కాదు.

రెండో లోపం భాష. ఖాసా వారు తెలుగు పత్రిక పెట్టారు గాని, తన రాజకీయ వాదాన్ని ఇంగ్లీషులోనే ఉంచారు. తెలుగు స్వతంత్ర సాహిత్యానికి ఇల్లయింది, ఆ వాదానికి కాలేదు. కమ్యూనిస్టుల ‘విశాలాంధ్ర’ను పల్లెల్లో తెలుగులోనే చదువుతుంటే, స్వరాజ్యను ఒక హెడ్మాస్టరు లాంతరు వెలుగులో అనువదించి చెప్పాల్సి వచ్చింది. మాస్టర్లు లేని ఊళ్లలో ఆ వాదం లేదు. ఇందాక మాట దొరకలేదన్నాను కదా, దొరకకపోవడానికి ఇదీ ఒక కారణం. తెలుగులో రాసి ఉంటే మాట వాళ్లే చేసుకునేవారు.

1961 జూన్‌లో ఆయన పోయారు. అరవై అయిదేళ్లు. స్వరాజ్య ఆగలేదు, 1980 దాకా నడిచింది. ఈ మధ్య 2014లో అదే పేరుతో మళ్లీ మొదలైంది, ఇప్పుడది వేరే తరం చేతిలో ఉంది. స్వతంత్ర పార్టీ 1962లో లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44 స్థానాలు తెచ్చుకుంది. 1964లో పదిహేడో రాజ్యాంగ సవరణ వచ్చి, ఎస్టేటు అనే మాటలో, రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ భూముల్ని కూడా చేర్చినప్పుడు, అంటే మా తాత నాలుగెకరాల లాంటి భూముల్ని కూడా చేర్చినప్పుడు, ఆ పార్టీ గట్టిగా ఎదిరించింది. అప్పుడు ఖాసా వారు లేరు. మా తాత ఉన్నాడు.

ఆయన పోయిన కబురు మాకు తెలిసింది కూడా పత్రిక ద్వారానే. మాస్టరు గారు పట్టీ తెంపిన సంచిక చేతిలోకి తీసుకుని, మొదటి పేజీ చూసి, చదవకుండా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఏంది మేష్టారూ” అన్నాడు తాత. చెప్పారు. తాత కాసేపు అలాగే కూర్చుని అడిగాడు: “మరి వచ్చే వారం ఎవరు రాస్తారు?” మాస్టరు తెలియదన్నారు. ఆ ఆదివారం చదువు జరగలేదు. రైతులు కాసేపు పెన్నలో నీళ్ల గురించి మాట్లాడుకుని లేచి వెళ్లారు. తాత మాత్రం లోపలికి పోయి, చందా గడువు ఎప్పటిదాకా ఉందో రసీదు తీసి చూసుకున్నాడు. ఆ ఏడాది చివర్న మళ్లీ కట్టాడు.

ఈ మూటలో ఉన్నవి ఆ సంచికలు. అన్నీ లేవు, కొన్ని చెదలు తిన్నాయి. పట్టీలు కూడా ఉన్నాయి, తాత మొలలో పెట్టుకున్నవన్నీ అవ్వ ఒక డబ్బాలో వేసి దాచింది. సభ అయ్యాక మూట విప్పుతాను. చూడాలనుకున్నవాళ్లు రండి, ముఖ్యంగా జర్నలిజం చదివే పిల్లలు. చేతులు తడి లేకుండా చూసుకోండి. పేజీని పైమూల పట్టుకుని తిప్పకండి, అంచులు రాలిపోతున్నాయి. కింద అరచెయ్యి పెట్టి మొత్తం ఆకు ఎత్తాలి, మా అవ్వ అప్పడం ఎత్తినట్టు.